మళ్ళీ పిలవనివాళ్ళు

"ఏమనుకోకండి దేవిశ్రీ గారూ. సీమంతం ఫొటోలకి వేరేవాళ్ళని మాట్లాడుకున్నాం" అన్నాడు కోదండరామ్ ఫోన్లో.

"డేట్ కూడా అనుకున్నాం కదండీ."

"అనుకున్నాం. మా అమ్మకి ఎవరో మీ గురించి ఏదో చెప్పారట. వద్దంటే వద్దంటోంది."

ఏం చెప్పారని దేవిశ్రీ అడగలేదు. "పర్వాలేదండీ" అని పెట్టేసింది.

ఈ వేసవిలో చేజారిన పనుల్లో అదే ఆఖరిది. ఇక పోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

కెనడాలోని హామిల్టన్‌లో ఒక టైలర్ షాపు పైన గది అద్దెకు తీసుకుని స్టూడియో పెట్టినప్పుడు ఆమెకు తన చేతిమీద గట్టి నమ్మకం. మనిషి ముఖం మీద వెలుగు ఎక్కడ పడాలో, ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. తెలియనిదల్లా ఆ చేతికి గిరాకీ తెచ్చుకోవడం. బ్రాంప్టన్‌లో పెద్ద స్టూడియో నడిపే విశాలాక్షి దగ్గర ఈ పని నేర్చుకుంది. దిగులేసినప్పుడు ఇప్పటికీ ఆమెకే ఫోన్ చేస్తుంది.

"అప్పుడే పుట్టిన పిల్లల ఫొటోలు నీ అంత బాగా ఎవరూ తీయరే" అంది విశాలాక్షి ఆ రోజు. "హాస్పిటల్ వాళ్ళు ఏరికోరి నిన్నే పిలుస్తున్నారంటే మాటలా? ఆ ఫ్యామిలీస్‌ని పట్టుకో. పురిట్లో ఫొటో తీసినదానివి, అన్నప్రాసనకి నువ్వే వెళ్ళాలి, ఫస్ట్ బర్త్‌డేకి నువ్వే వెళ్ళాలి. బిజినెస్ అలాగే పెరుగుతుంది."

"వాళ్ళు మళ్ళీ పిలవరక్కా."

"ఏం, నీ పని నచ్చకనా?"

"నచ్చుతుంది. దండం పెట్టి మరీ చెప్తారు. కానీ పిలవరు."

"పోనీ ఆ ఫొటోలు వెబ్‌సైట్‌లో పెట్టు. చూసినవాళ్ళు వస్తారు."

"అవి పెట్టలేనక్కా."

"పర్మిషన్ అడగవే!"

"అడగలేను."

"ఇంత మొహమాటం ఉన్నదానివి ఈ లైన్లోకి ఎందుకొచ్చావే తల్లీ!" అని విసుక్కుంది విశాలాక్షి. ఆ హాస్పిటల్ గదుల్లో సంగతులు దేవిశ్రీ బయట ఎవరితోనూ అనదు.

భర్త చక్రధర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లోంచే పని. అతను విసుక్కోడు. ఒకసారి మాత్రం అన్నాడు. "హాస్పిటల్ నుంచి ఫోనొస్తే కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోతావు. తిరిగొచ్చాక మాట్లాడవు, తిన్నావో లేదో తెలీదు. వదిలెయ్ దేవీ."

వదిలేయాలనే నిర్ణయించుకుంది. ఒక డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగానికి అప్లై చేస్తే వచ్చింది. సోమవారం చేరాలి. లైట్ల స్టాండ్లు మడిచి అట్టపెట్టెల్లో సర్దుతుండగా ఫోన్ మోగింది. హాస్పిటల్ నుంచి, నర్సు నీలం.

"మీ తెలుగువాళ్ళే. నువ్వైతే వాళ్ళకి బాగుంటుంది. రాగలవా?"

వెళ్ళింది.

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మంచం దాకా పాకింది. అనన్య దిండ్లకు ఆనుకుని కూర్చుంది. పొత్తిళ్ళలో పాప. పక్కనే భర్త శ్రీరామ్. కానుపు కోసం గుంటూరు నుంచి వచ్చిన అనన్య తల్లి జానకమ్మ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

దేవిశ్రీ ఫ్లాష్ వాడలేదు. కెమెరా చప్పుడు కూడా వినిపించనివ్వలేదు. కిటికీ తెర సగం లాగి వెలుగును మెత్తబరిచింది. పాప చిట్టి వేళ్ళను తల్లి చూపుడువేలి చుట్టూ అమర్చి తీసింది. అరికాళ్ళు తీసింది. నుదుటి మీద పడుతున్న ఒత్తయిన జుట్టు తీసింది.

"జుట్టు నా పోలికే" అంది అనన్య.

"ముక్కు మాత్రం మీ ఆయనదేనమ్మా."

శ్రీరామ్ నవ్వబోయాడు.

జానకమ్మ సంచిలోంచి కాటుక డబ్బా తీసింది. "దిష్టిచుక్క పెట్టొచ్చా అమ్మా? ఫొటోలో బాగుండదేమో."

"పెట్టండి పిన్నిగారూ. బాగుంటుంది."

ఆవిడ పెట్టిన చుక్క కాస్త పెద్దదైంది. ఎవరూ చెరపలేదు.

"ఇంకొకటి తీయండి" అంది అనన్య. తీసింది. "ఇంకొక్కటే." మళ్ళీ తీసింది. ఆమెకు ఎన్ని తీసినా చాలడం లేదు. దేవిశ్రీ కూడా తొందరపడలేదు. నీలం తలుపు తీసి చూసి మళ్ళీ మూసింది.

ఆఖరి ఫొటో కెమెరా తెర మీద చూసుకుంది దేవిశ్రీ. తల్లి చెంప, పాప చెంప, రెంటి మధ్యా సన్నటి వెలుగు గీత. ఇన్నేళ్ళలో ఇంత మంచి ఫొటో తాను తీయలేదు. దీన్నీ ఎవరికీ చూపించడానికి లేదు. ఇన్నాళ్ళూ పని పెరగలేదేమో కానీ చెయ్యి మాత్రం బాగా తిరిగింది. ఆ చెయ్యి సోమవారం నుంచి పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తుతుంది.

కెమెరా సర్దుకుని అనన్య తల నిమిరింది. విశాలాక్షి చెప్పిన మాట గుర్తొచ్చింది. సంచిలో విజిటింగ్ కార్డులున్నాయి. తీయలేదు.

వరండాలోకి రాగానే వెనక అడుగుల చప్పుడు. శ్రీరామ్.

"మేడమ్, ఒక్క మాట."

ఫొటోలు ఎప్పుడిస్తారని అడుగుతాడనుకుంది. అందరూ అడిగేది అదే.

అతను గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఒక్క ఫొటోలోనైనా పాప కళ్ళు తెరిచి ఉన్నట్టు చేయగలరాండీ, పుట్టేసరికే ప్రాణం లేదు కదా, ఆ కళ్ళెలా ఉంటాయో మేమెవ్వరం చూడలేదు."