మా ఇంట్లో అనకూడని మాటలు

మా ఇంట్లో "మోకాళ్ల నొప్పి" అనకూడదు.

ఈ రోజుల్లో ఎవరూ ఏదీ టైపు చేసి వెతకరు. నోటితో అంటే చాలు, గోడే విని ప్రకటన వినిపిస్తుంది. మా ఆయన మురహరి ఎవరిదో నూనె అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. ఎవరింట్లో ఆ మాట అన్నా తన ప్రకటనే మోగేలా రోజూ వేలంలో దాన్ని కొంటాడు. కానీ సొంతింటివాళ్లే ఆ మాట అని ప్రకటన మోగిస్తే మోసం కిందే లెక్క. పోయినేడు అత్తయ్య మెట్లెక్కుతూ నోరు జారినందుకు ప్రకటనల కంపెనీవాళ్లు ఆయన ఖాతా మూసేశారు. కాళ్లావేళ్లా పడి తెరిపించుకున్నాడు. అప్పటినుంచి ఆవిడ పళ్లబిగువున ఓర్చుకుంటోంది.

ఈ ఉదయం "గుండెనొప్పి" కూడా కొన్నాడు. పోటీ ఎక్కువే గానీ ఆసుపత్రులిచ్చే కమీషన్ బాగుంటుందట.

మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ అత్తయ్య కంచం పక్కకు జరిపి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. ఒళ్లంతా చెమట. గోడ వంక చూసి నోరు మూసుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు మురహరి.

"పక్కింటికెళ్లి చెప్తానురా. వాళ్లింట్లో అంటే నీకు కలిసొస్తుంది."

డాక్టర్ని పిలవమని నేను అరుస్తూనే ఉన్నాను. మురహరి లేచి, వాళ్లమ్మకు తలుపు తీశాడు.