చప్పుడు ఎక్కణ్ణుంచి?

"రెండో బోరు కూడా వట్టిదే!" డ్రిల్లింగ్ మేస్త్రీ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "మీ పెట్టెలు ఇక్కడే తవ్వమన్నాయి. కింద ఉత్త రాయి. ఇంకోటి తప్పితే గని కప్పు మొత్తం కూలుతుంది మేడమ్. లోపల అయిదుగురున్నారు!"

ఇంజనీరమ్మ లాప్‌టాప్ తెర మీదికి వంగింది. కూలిన గని చుట్టూ ఆమె పాతిన నాలుగు పెట్టెలూ నేల లోపలి చప్పుళ్లు వింటున్నాయి. ఠంగు, ఠంగు, ఠంగు. కాసేపు ఆగి మళ్లీ మూడు. ఆ చప్పుడు ఏ పెట్టెకు ముందు చేరిందో, ఏ పెట్టెకు వెనక చేరిందో చూస్తే కొడుతున్న మనుషులెక్కడున్నారో తేలాలి. తేలడం లేదు. పొద్దున ఒక చోటు చూపిస్తే, మధ్యాహ్నానికి ఇంకో చోటు.

"ఏదో ఒక పెట్టె గడియారం తప్పింది," అంది చివరికి.

"అన్నిటికీ జీపీఎస్ టైమే అన్నారుగా?"

"సిగ్నల్ అందితే జీపీఎస్. అందకపోతే పెట్టె తన సొంత గడియారంతో నెట్టుకొస్తుంది. సెకనులో వందో వంతు తేడా వస్తే చాలు, రాతిలో నలభై మీటర్లు తప్పినట్టే."

ఒక్కో పెట్టె దగ్గరికీ పరుగెత్తింది. రేకుల షెడ్డు కిందున్న పెట్టెలో జీపీఎస్ రిసీవర్‌కి పచ్చదీపం వెలుగుతూనే ఉంది. లాప్‌టాప్ తగిలిస్తే మాత్రం ఒక్క ఉపగ్రహమూ అందడం లేదు. యాంటెన్నా వైరు విప్పింది. జాయింటులోంచి నీళ్లు కారాయి. పచ్చదీపం చెప్పేది కరెంటు ఉందని మాత్రమే. దాన్ని నమ్మి రెండు బోర్లు వేయించింది తను. కళ్లు తుడుచుకుని కొత్త వైరు వేసింది. యాంటెన్నాను ఎత్తుకెళ్లి, ఆకాశం బాగా కనబడే గుట్ట మీద పెట్టింది.

ఉపగ్రహాలు ఒక్కొక్కటే అందాయి. నాలుగు గడియారాలూ ఒక్కటయ్యాయి.

ఠంగు, ఠంగు, ఠంగు.

తెర మీద చుక్క పడింది. మళ్లీ చప్పుడు. చుక్క అక్కడే. ఇంకోసారీ అక్కడే.

"దొరికారు!" మేస్త్రీ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "ఎంత లోతమ్మా? చెప్పు, ఇప్పుడే మిషను తిప్పిస్తా."

ఆమె తెర మీది అంకెలు మళ్లీ చూసుకుంది. "లోతు లేదన్నా. చప్పుడొచ్చేది గుట్ట వెనక, నేల పైనుంచే."

ఇద్దరూ గుట్ట వెనక్కి దిగారు. ఒకప్పుడు గనిలోకి గాలి పంపి, ఇప్పుడు పూడిపోయిన పాత ఇనపగొట్టం అక్కడ నేలలోంచి పైకి వచ్చి ఉంది. దాని పక్కన గొంతుక్కూచుని ఒక ముసలామె రాయితో కొడుతోంది. లోపల చిక్కుకున్నవాళ్లలో అందరికంటే చిన్నవాడి తల్లి. అరచేతులు చితికి నెత్తురోడుతున్నాయి.

మేస్త్రీ రాయి లాక్కోబోయాడు. ఇంజనీరమ్మ వద్దని సైగ చేసి, ఆమె పక్కన కూచుంది.

"అబ్బాయికి వినబడాలనా పెద్దమ్మా?"

ముసలామె తల అడ్డంగా ఊపింది.

"మొన్నటిదాకా లోపల్నించి కొట్టింది వాడే తల్లీ, ఈ గొట్టానికి చెవి పెడితే వినబడేది. నిన్న ఆగిపోయాడు. చప్పుడు లేకపోతే మీరు తవ్వడం మానేస్తారని, అప్పట్నించీ నేను కొడుతున్నా."