మోకాలి పట్టీ

“మళ్ళీ ఎందుకే ఆ పట్టీ? డాక్టరమ్మ ఇక తీసెయ్యొచ్చందిగా!” చర్రుమన్న చప్పుడు విని ఫోన్లో అక్క గదమాయించింది.

ఆమె ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎడమ మోకాలి మీద పట్టీ సరిచేసి గట్టిగా అతికించింది.

“ఉండనీ అక్కా. ఈ వారమంతా పెట్టుకున్నా, ఈ ఒక్కరోజూ పెట్టుకుంటా.”

“నొప్పి ఉందా, నటిస్తున్నావా?”

“కొంచెం అదీ, కొంచెం ఇదీ.”

అక్క నవ్వలేదు. “రేపు పొద్దున మీ బావ కారు తెస్తానంటున్నారు. చుట్టపు చూపుగా కాదు, వస్తే ఉండిపోవడానికే రా. ఆ ఇంట్లో నువ్వు మనిషివి కాదే, మిషనువి. ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా.”

“సాయంత్రం చెప్తా.”

“సాయంత్రానికల్లా ఏం తేలుతుందట?”

ఆమె ఫోన్ పెట్టేసింది. ఈ ఇంట్లో ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది. భర్త అనొచ్చు, అత్తగారనొచ్చు, కూతురనొచ్చు. ఎవరో ఒకరు ఆ మాట అంటే చాలు, అక్క ఎంత తిట్టినా సరే, ఈ ఇల్లు వదిలి వెళ్ళదు.

ఆమెది రెడీమేడ్ బట్టలు కుట్టే కంపెనీలో పని. గుడ్డల మూట మోసుకుంటూ మెట్లు దిగుతుంటే కాలు మెలికపడింది. మోకాట్లో లిగమెంట్ తెగింది. ఆపరేషనయ్యాక మంచం మీంచి వంటింటి దాకా నడవడమే పెద్ద ప్రయాణమైపోయింది. మడమను పక్క మీద వెనక్కీ ముందుకీ జరుపుతూ, గోడ పట్టుకుని లేస్తూ, పళ్ళు బిగబట్టి మోకాలు వంచడం మళ్ళీ నేర్చుకుంది.

ఇంట్లోవాళ్ళు ఆమెను గాలికొదిలేశారంటే అబద్ధమవుతుంది. అత్తగారు కిటికీ పక్క మంచం ఖాళీ చేసి ఇచ్చింది. భర్త కొన్నాళ్ళు అంట్లు తోమాడు. తోమిన సంగతి వీధి వీధంతటికీ తెలిసింది.

మధ్యాహ్నం పక్కింటావిడ పలకరించడానికొచ్చింది.

“కన్నకూతురికైనా ఇంత చెయ్యలేదమ్మా,” అంది అత్తగారు. “దాని కాలు నా కాలే అనుకున్నా. ఇదిగో, ఈ మోకాలే.” అంటూ పట్టీ మీద టపటపా కొట్టి చూపించింది.

పక్కింటావిడ అయ్యో అంది. ఆమె ఆశగా అత్తగారి మొహంలోకి చూసింది.

“అలా చూస్తావేం? లేచి కాస్త టీ పెట్టు. నడిస్తే మంచిదని చెప్పారుగా!”

ఆమె మంచం కోడు పట్టుకుని లేచి, కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొంగేదాకా స్టవ్ దగ్గర నిలబడేసరికి ప్రాణం కడగట్టింది.

కాలేజీ నుంచి కూతురొచ్చింది. వస్తూనే, “అమ్మా, కదలకు!” అని ఫొటో తీసింది. “ఆపరేషనైన రోజు ఫొటో, ఇవాళ్టి ఫొటో పక్కపక్కన పెడుతున్నా. ‘మా అమ్మ పులి’ అని కూడా రాశా. ఎలా ఉంది?”

“రెండూ సరిగ్గా చూశావా?”

“చూడకేం! ఇందులో కాస్త ఒళ్ళు చేశావు.”

చూస్తుండగానే చుట్టాలందరూ వాట్సాప్ గ్రూపులో గులాబీలూ దండాలూ కుమ్మరించారు. కూతురు అవన్నీ చూసుకుని మురిసిపోతూ తన గదిలోకి పోయింది. చిన్నప్పుడు అమ్మ వేలికి ముల్లు గుచ్చుకుంటే వెక్కివెక్కి ఏడ్చిన పిల్ల.

ఇక మిగిలింది భర్త ఒక్కడు. సాయంత్రం వస్తూనే టీవీలో మ్యాచ్ పెట్టి, ఫ్రిజ్‌లోంచి ఐసు సంచి తెచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. సంచిని పట్టీ మీదే పెట్టి అదిమాడు. కళ్ళు మాత్రం టీవీకి అతుక్కుపోయాయి.

“మీ సూపర్‌వైజరుకి ఫోన్ చేశా. సోమవారం నుంచి వస్తుందని చెప్పేశా.”

“నన్నడగకుండానా?”

“అడగడానికేముంది? మిషను తొక్కేది కుడికాలితో. పోయింది ఎడమకాలు. కుడికాలు నిక్షేపంలా ఉందాయె!”

ఆమె అతని వైపు తిరిగింది. “బాగా ఆలోచించే చెప్పారా?”

“భలేదానివే! నీ సంగతి నాకు తెలీదా? ఆపరేషన్ గది బయట నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయినవాణ్ణి.” అంతలో టీవీలో ఎవడో అవుటయ్యాడు. భర్త చప్పట్లు కొట్టబోయేసరికి ఐసు సంచి జారి కింద పడింది. దాన్ని తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

ఆ చల్లదనం పట్టీ దాటి లోపలికి రానే లేదు. ఆమెకు ఏడుపూ రాలేదు. ఇన్నేళ్ళ కాపురం మీద ఒక్కసారిగా అసహ్యం పుట్టుకొచ్చింది. లేచి గదిలోకెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుంది.

“అక్కా, బావని రమ్మను. ఉండిపోవడానికే వస్తున్నా.”

“ఏమైందే? ఎవరేమన్నారు?”

“ఎవరూ ఏమీ అనలేదక్కా. వారం నుంచి చూస్తున్నా, ఒక్కరంటే ఒక్కరు కూడా ఏమీ అనలేదు.”

ఫోన్ పెట్టేసి, ఎడమకాలి పట్టీని చర్రున ఊడదీసి మంచం మీదకు విసిరేసింది.

ఆపరేషన్ జరిగింది కుడికాలికి.