చావని కోళ్ళు

చావాల్సిన కోళ్ళు చావడం లేదు.

అద్దం అవతల రెండు గదులు. ఎడమ గదిలో కొత్త టీకా చుక్కలు కళ్ళల్లో వేసిన యాభై కోళ్ళు, కుడి గదిలో టీకా వెయ్యని యాభై. అన్నిటికీ ఒకే రోజు తెగులు వైరస్ ఎక్కించారు. కుడి గదిలోవి నాలుగో రోజుకల్లా మెడలు వాల్చెయ్యాలి. ఇవాళ ఏడో రోజు. రెండు గదుల్లోనూ కోళ్ళు మేత తొట్ల దగ్గర లెక్కకందకుండా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

డాక్టరమ్మకు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. బయట ఫారాల్లో పాత టీకా వేసిన కోళ్ళే వేలల్లో రాలిపోతున్నాయి. ఆ వైరస్ జన్యువును అక్షరం అక్షరం చదివి, దానికి సరిపడే కొత్త టీకా తయారుచేసింది ఆమే. వెయ్యనివి చచ్చి, వేసినవి బతికితేనే ఆ టీకా పనిచేసినట్టు. కోళ్ళు చావాలని ఇంతగా కోరుకోవడం ఆమెకు ఇదే మొదటిసారి.

"వైరస్సే చచ్చినట్టుంది" అన్నాడు డైరెక్టరు. పరీక్ష విఫలమైందన్న కాగితం ఆయన చేతిలో సిద్ధంగా ఉంది.

సీసాలో మిగిలిన వైరస్‌ను మళ్ళీ చూశానని, అది బతికే ఉందని, జన్యువులో ఒక్క అక్షరం కూడా మారలేదని ఆమె చెప్పింది. మరి కుడి గదిలోవి ఎందుకు బతికాయని ఆయన అడిగాడు. ఆమె మళ్ళీ అద్దం వైపు చూసింది. మధ్యాహ్నం పైవాళ్ళు వస్తున్నారని, ఈలోగా సంతకం పెడితే కనీసం ఉద్యోగమైనా మిగులుతుందని ఆయన మెత్తగానే అన్నాడు.

ఆమె పెన్ను తీసుకుంది.

గుమ్మం దగ్గర అలికిడైంది. కోళ్ళకు మేత వేసే పెద్దావిడ, అందరూ పిన్ని అని పిలిచే మనిషి, చేతి తొడుగులు నలుపుతూ నిలబడి ఉంది.

"సంతకం పెట్టకు డాక్టరమ్మా. తప్పు నాది" అంది. "టీకా వేసిన వేళ చుక్కల మందు మిగిలితే పారబొయ్యమన్నావు. కుడి గదిలోవి మాత్రం ఏం పాపం చేశాయి, చూస్తూ చూస్తూ ఎట్లా చావనిస్తాం అనిపించింది. వాటి కళ్ళల్లో కూడా వేసేశాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. అంటే రెండు గదులనూ కాపాడింది టీకాయే.

డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు. మాటలు రుజువులు కావన్నాడు. టీకా అందని కోడి ఒక్కటైనా చచ్చి ఉంటే నమ్మేవాణ్ణని, ఇప్పుడు అంతా మొదటికొచ్చిందని కాగితం ఆమె ముందుకు జరిపాడు.

పిన్ని తల దించుకుంది.

"మందు నలభై తొమ్మిదింటికే వచ్చిందయ్యా. మిగిలిన ఆ ఒక్కటీ నాలుగో రోజే పోయింది. తిడతారని భయపడి, దాన్ని మీ పెద్ద ఫ్రిజ్ అడుగున దాచాను."