కరగని తారు

మరుగుతున్న తారు డబ్బాతో సహా జాల్యా నిచ్చెన మీంచి పడ్డాడు.

సకల జనుల సమ్మె మొదలై అది పద్దెనిమిదో రోజు. గంగారంలో సర్కారు ఆఫీసు బోర్డు మీదున్న ‘ఆంధ్ర’ అన్న మాటను తారుతో చెరిపేద్దామని భూపాల్ పదిమందిని వెంటబెట్టుకొచ్చాడు. నిచ్చెన ఎక్కింది జాల్యా.

తారు మొహమంతా పడింది. రెండు కళ్ళూ మూసుకుపోయాయి.

జాల్యా భార్య రామి గుండెలు బాదుకుంది. నలుగురూ బిందెలతో నీళ్ళు పోశారు. తారు చల్లారి గట్టిపడింది. రెప్పలను మాత్రం వదల్లేదు.

గుంపులోని కొమురయ్య అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు.

"తొవ్వ మీద చెట్లు పడున్నయంట అన్నా. రెండు గంటలు పడ్తదట."

పొద్దున ఆ చెట్లు నరికి రోడ్డుకు అడ్డం వేసింది భూపాల్ వాళ్ళే.

"కిరసనాయిలు తెండ్రి! తారు దానికే పోతది" అని అరిచాడు భూపాల్.

"వద్దండీ! కంటికి కిరసనాయిలు పెట్టకండి!"

అందరూ తిరిగి చూశారు. అరవైకి దగ్గర పడ్డ ఆడమనిషి. భుజాన గుడ్డసంచి. మోకాళ్ళ దాకా చీరంతా దుమ్ము. బస్సుల్లేక నడిచి వచ్చినట్టుంది.

"తారు నీళ్ళకు కరగదు. నూనెకు కరుగుతుంది. వంటనూనె తెండి, నెమ్మదిగా తీద్దాం. నేను ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పానండీ."

"అండీ అంట, గిండీ అంట!" ఎవరో వెక్కిరించారు.

"గిది పాఠం కాదు, పాణం. ఆంధ్రామెవు, నీకేం పని?"

భూపాల్ ఆమెను భుజం పట్టి పక్కకు నెట్టాడు. గుడ్డను కిరసనాయిల్లో ముంచి జాల్యా కుడి కన్ను తుడిచాడు.

తారు కరిగింది. కిరసనాయిలు కంట్లోకి దిగింది.

జాల్యా కేకకు పిట్టలు లేచిపోయాయి.

రామి సీసా లాక్కొని విసిరికొట్టింది. పోయి ఆ టీచరమ్మ కాళ్ళు పట్టుకుంది.

"అమ్మా, నువ్వే చెయ్యి. ఒక్క కన్నన్న దక్కియ్యి!"

ఎదురింటి రషీదా బేగం పరుగున నూనె గిన్నె తెచ్చింది. కుడి కంటిని నీళ్ళతో ఆపకుండా కడుగుతూ ఉండమని ఆమెకు చెప్పి, ఆ టీచరమ్మ జాల్యా ఎడమ కంటికి పూనుకుంది. వేలి కొసతో నూనె రాయడం, ఆగడం, మెత్తటి గుడ్డతో అద్దడం. మళ్ళీ నూనె.

"నీళ్ళకు రానిది నూనెకు ఎట్ల వస్తదమ్మా?" ఏడుస్తూనే అడిగింది రామి.

"నీటి అణువుకి ఒక పక్క కాస్త ప్లస్, ఇంకో పక్క కాస్త మైనస్ ఉంటుందమ్మా. ఉప్పులాంటి వాటికి అది చాలు, కలిసిపోతాయి. తారులో ఆ తేడా దాదాపు ఉండదు. నూనెలోనూ అంతే. అందుకే నూనె దాన్ని రానిస్తుంది. కిరసనాయిలుదీ అదే గుణం, కానీ కన్ను తట్టుకోలేదు."

గంటన్నరకు రెప్ప విడింది.

"రామీ... కనవడుతున్నవే."

అంతలో అంబులెన్స్ వచ్చింది.

మానుకోట దవాఖానలో డాక్టరు రెండు మాటలే చెప్పాడు. కుడి కన్ను పోయింది. ఎడమ కన్ను నూనె పెట్టిన చెయ్యి పుణ్యాన దక్కింది.

మర్నాడు భూపాల్ తలొంచుకుని రషీదా బేగం గడప ముందు నిలబడ్డాడు.

"ఆ అమ్మ ఏదవ్వా? కాళ్ళు మొక్కుదామని వచ్చిన."

"నిన్ననే పాయె బిడ్డా. చాయ్ తాగమన్నా తాగలే. భూపాల్ ఎవరని అడిగింది. నిన్ను నెట్టి, జాల్యా ఎంట అంబులెన్స్ ఎక్కి పోయినాయనే అని చెప్పిన. సంచిల చెయ్యి వెట్టింది. గీ చీటీ నీకియ్యమని చెప్పి నడుసుకుంట పోయింది."

భూపాల్ మడత విప్పాడు. జైల్లో ఉన్న ఫణి రాత. రైల్ రోకోలో పట్టాల మీద తన పక్కనే కూర్చుని, తనను తప్పించి పోలీసులకు చిక్కినవాడు.

"అన్నా, మూడు రోజులు కొట్టిన్రు. నీ పేరు చెప్పలే. నువ్వు పైలంగ ఉండు. ఫోన్ల మీద నమ్మకం లేక మా అమ్మతోని చీటీ పంపుతున్న, యాస ఇని పరాయామె అనుకోకు."