మసి బేరం

"చెప్పులు ఇప్పకక్కా, ఇప్పకు!" అంటూ బిల్డర్ మనిషి నాగబాబు గుమ్మానికి అడ్డం పడ్డాడు. అతని చేతిలో కాళ్ళకు తొడుక్కునే నీలం ప్లాస్టిక్ సంచులున్నాయి. "చెప్పుల మీదే ఇవి తొడుక్కోండి. కొత్త మార్బుల్ కదా."

"కొత్తింట్లోకి చెప్పులతోనా? తెలుగోడివై ఉండి ఆ మాటనడానికి నీకు నోరెలా వచ్చింది బాబూ?"

భ్రమరాంబ చెప్పులు విడిచి, కుడికాలు పెట్టి లోపలికి నడిచింది. వెనకే ఎనిమిదేళ్ళ కూతురు భాగ్యశ్రీ దగ్గుకుంటూ వెళ్ళింది, ఆ వెనక భర్త మల్లేశ్వరరావు. ఆ దగ్గు కోసమే ఈ ఇల్లు. బతుకుతెరువుకి వచ్చిన ఈ హిందీ ఊళ్ళో, దేవేంద్ర నగర్‌లో బస్సుల రోడ్డు పక్కన అద్దె వాటాలో పిల్లకు ఊపిరి అందడం లేదు. మంచి గాలి ఉన్న చోటికి మారండని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. ఊరి బయట ధర్సీవా దారిలో ఈ ఇళ్ళను వెతికి పట్టుకున్నది మల్లేశ్వరరావే. అక్కడి ఇనుము ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. డ్యూటీకీ దగ్గర, చుట్టూ పొలాలే అన్నాడు.

"మామూలుగా అయితే గేటు నుంచి కారు షెడ్డు దాకా మట్టే ఉంటాది. అప్‌గ్రేడ్ తీసుకుంటే డ్రైవ్‌వే వేసిస్తాం. నల్ల గ్రానైట్. అద్దంలా ఉంటాది" అన్నాడు నాగబాబు.

"నల్లదెందుకు? తెల్లరాయి వెయ్యి. పిల్ల అక్కడే ఆడుకుంటుంది, పురుగూ పుట్రా వస్తే కనబడాలి."

"తెల్లది ఎవరూ తీసుకోరక్కా. బిల్కుల్ నడవదు."

వంటింట్లో కిటికీ రెక్కను తోసింది. కదల్లేదు. అది తెరుచుకునేది కాదట, అదీ అప్‌గ్రేడే. వెనకవైపు బట్టలారేసుకోవడానికి నాలుగువైపులా అద్దాలు బిగించిన గది. అదింకో అప్‌గ్రేడ్.

"ఏటి బాబూ ఇది? ఇల్లా, ఊరగాయ జాడీయా? గాలి చొరబడే సందు ఒక్కటీ లేదు!"

నాగబాబు నవ్వి, మాట మార్చడానికన్నట్టు మంచినీళ్ళ గ్లాసు అందించాడు. భ్రమరాంబ నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. నీళ్ళ మీద నల్లటి తెట్టు కట్టి ఉంది. గ్లాసు కదిపితే అది మీగడలా ముడతలు పడింది.

"అమ్మా, నీ కాళ్ళు!" అని అరిచింది భాగ్యశ్రీ.

పాదం ఎత్తి చూసుకుంది. కట్టెలపొయ్యి మీద కాగిన గిన్నె అడుగులా ఉంది. గుమ్మం నుంచి వంటింటి దాకా, తెల్లటి మార్బుల్ మీద ఆమె నడిచిన ప్రతి అడుగూ నల్లగా అచ్చుపడి ఉంది. కిటికీ గట్టు మీద వేలు రాసింది. జిడ్డు. ఆ జిడ్డు చీరకి తుడుచుకోవడానికి కూడా మనసొప్పలేదు.

"ఛీ! ఏంటిదంతా?"

నాగబాబు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మన తెలుగోళ్ళని చెప్తన్నానక్కా, నా పేరు బయటికి రానీకు. ఆ ఇనుము ఫ్యాక్టరీల గొట్టాలకి పొగలో మసి బయటికి రాకుండా పట్టేసే మెషిన్లుంటాయి. కరెంటు మిగుల్తాదని రాత్రుళ్ళు అవి బంద్ పెడతారు. తెల్లారి మేం తుడిచేస్తాం, ఎవరికీ తెలీదు. ఈ నాలుగు రోజుల్నించి మరీ సిగ్గొదిలేసి పట్టపగలే వదుల్తన్నారు. పొద్దున్నించి ఏడుసార్లు తుడిచాను, అమ్మతోడు."

"వాళ్ళ చేతులు పడిపోను!" అంది భ్రమరాంబ. "వాళ్ళ కొంపల్లో మాత్రం పిల్లల్లేరా? ఆ మసి వాళ్ళ కంచాల్లోనే పడా!"

అంతదాకా గోడలు తట్టి చూస్తున్న మల్లేశ్వరరావు ఒక్కసారిగా ముందుకొచ్చాడు. గోడకి వేలు రాసి, దాన్ని నాగబాబు ముక్కు దగ్గర పెట్టాడు.

"ఈ మసికొంపకా నువ్వు అంత రేటు చెప్పింది? థూ! గొడ్డుని కట్టేసినా తాడు తెంపుకు పోతుంది. గ్రానైట్ డ్రైవ్‌వే ఊరికే వెయ్యాలి. కిటికీలూ ఊరికే. మీ సేఠ్‌కి ఫోన్ కొట్టు."

నాగబాబు ఫోన్ కొట్టాడు. అవతల సేఠ్ కాసేపు గింజుకుని ఒప్పుకున్నాడు. రేటు సంగతి మాత్రం రిజిస్ట్రేషన్ ముందు మాట్లాడుకుందామన్నాడు.

"ఏమండీ, నాకొద్దు ఈ ఇల్లు" అంది భ్రమరాంబ. "పిల్లదాని దగ్గు సంగతేంటి?"

"నువ్వూరుకో. మసి కడిగితే పోతుంది. బేరం పోతే మళ్ళీ రాదు."

"కడగడానికి దాని ఊపిరితిత్తులేమైనా గోడలా?"

అతను వినిపించుకోకుండా, ఫోన్ తీసుకుని గేటు వైపు వెళ్ళిపోయాడు.

భ్రమరాంబ పిల్లను ప్రహరీగోడ పక్కనున్న కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి కాళ్ళు కడిగింది. నల్లటి నీళ్ళు మట్టిలోకి పాయలుగా పారాయి. భాగ్యశ్రీకి దగ్గు తెర వచ్చింది. వంగి, దగ్గి దగ్గి ఉమ్మింది. ఉమ్మిలో కూడా నల్లటి చారలే. భ్రమరాంబ కొంగుతో పిల్ల మూతి తుడిచి గుండెకి అదుముకుంది.

గోడ అవతల నుంచి భర్త మాటలు వినిపించాయి. ఫ్యాక్టరీలో తన కింద పనిచేసే దానయ్యతో నవ్వుతూ అంటున్నాడు:

"ఒరే దానయ్యా, పగలు కూడా మన మెషిన్ బంద్ పెట్టమన్నాను చూడు, భలే పనిచేసిందిరా! రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అలాగే ఉంచు, రేటు ఇంకా దిగాలి."