ఉప్పేసిన ముక్క

"దీనికి ఉప్పెవరేశారయ్యా?" అంటూ డాక్టర్ జానకిరామ్ సీసాని బల్ల మీద పెట్టారు.

ఎల్లారావు పెళ్లాం వంక చూశాడు. మంగాయమ్మ నేల చూపులు చూసింది. వాళ్ల కుక్క రోజీ తొడ మీద గడ్డ కోసి, అందులోంచి ఒక ముక్కని మందు సీసాలో వేసి ఇచ్చాడు వాళ్ల ఊరి పశువుల డాక్టరు. క్యాన్సరో కాదో బెజవాడలో తేల్చుకు రమ్మన్నాడు.

"నేనేనండీ. ఆ మందు కంపు భరించలేక పారబోశాను. ముక్క చెడిపోతుందేమోనని ఉప్పు పట్టించానండీ" అంది మంగాయమ్మ.

"చేపనుకున్నావా అమ్మా? చూడు, ఎలా కుంచించుకుపోయిందో. ఇందులో నాకింకేం కనిపిస్తుంది?"

తిట్లు తింటున్నా మంగాయమ్మకి లోలోపల ప్రాణం లేచొచ్చింది. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, ఉప్పు కండని ఏం చేస్తుందో ఆవిడకి తెలియదా? తెలిసే వేసింది. క్యాన్సరని తేలితే కుక్కని బాధపెట్టకుండా సూది వేసి చంపేద్దామని పశువుల డాక్టరు అంటే, ఈ మహానుభావుడు సరేనండీ అని తలూపి వచ్చాడు. అసలు రిపోర్టే లేకపోతే ఎవరేం చేస్తారు? కళ్లు తెరవనప్పటి నుంచీ ఒళ్లో పెట్టుకు పెంచిన పిల్ల అది. చూస్తూ చూస్తూ చంపుకుంటుందా?

"తెలిస్తే మాత్రం ఏముందిలెండి, సూదేగా" అన్నాడు ఎల్లారావు.

"సూదే. కానీ చంపే సూది కాదయ్యా. ఈ గడ్డల్లో ఒక రకం ఉంది, వారం వారం ఇంజెక్షన్ చేస్తే నయమైపోతుంది. అలాంటి కుక్కల్ని చాలా వాటిని బతికించాను. వేరే రకమైతే ఆ మందే ప్రాణం తీస్తుంది. ఏదో తెలియకుండా ఎలా వెయ్యమంటావు?"

మంగాయమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "ఇంకో ముక్క కోయించి తెస్తామండీ."

"గడ్డంతా తీసేశారు కదమ్మా. లోపల మిగిలిన వేళ్లు మళ్లీ పైకి తేలేసరికి ఊపిరితిత్తుల దాకా పాకిపోతుంది. అప్పుడిక ఏ మందూ పనిచెయ్యదు."

బెంజ్ సర్కిల్ దాకా ఎలాగో నడిచి, బస్సు కోసం నిలబడ్డ జనం మధ్యే కూలబడిపోయింది మంగాయమ్మ. ఎవరేమనుకుంటారన్న ధ్యాసే లేకుండా ఏడ్చింది.

"కావాలనే వేశానయ్యా ఆ ఉప్పు. క్యాన్సరని వస్తే నువ్వు దాన్ని చంపించేస్తావని వేశాను. బతకాల్సిన దాన్ని నా చేతులారా నేనే చంపుకున్నాను."

ఎల్లారావు కండువాతో మొహం తుడుచుకుని, పక్కనే చతికిలబడ్డాడు. వాళ్ల ఊరి బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఇద్దరూ లేవలేదు.

"ఊరుకో మంగా" అన్నాడు చివరికి. "నువ్వు ఉప్పేసింది వేటమాంసానికి. ఏ జబ్బూ లేదని రిపోర్టు రావాలని, అసలు ముక్కని నేనే తీసి ముందే కాలవలో పారేశాను."